ముందు కాపీ... ఆ తర్వాతే రిపేరు!

పాత కంప్యూటర్ మొరాయించిందా? అందులోని హార్డ్ డిస్కు బయటికి తీసి మరో కంప్యూటర్‌కి తగిలిస్తే సగం కథ సుఖాంతమే. కానీ ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది తెలియాలి. అది తెలియకే చాలామంది డిస్కుని బాగుచేసుకుని అందులోని జ్ఞాపకాల్ని పోగొట్టుకుంటారు!

హాలు మూలన, పాత దుప్పటి కింద, ఓ కంప్యూటర్. 2006లో కొన్నది. మాస్టారు దుప్పటి తీసి, దుమ్ము దులిపి, స్విచ్ వేశారు. ఫ్యాను గుయ్యిమంది. పచ్చ దీపం వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు రెండు వరుసలు వచ్చి ఆగిపోయాయి. 'డిస్కు కనిపించడం లేదు, డిస్కు పెట్టి ఏదో ఒక మీట నొక్కు' అని వాటి అర్థం. మాస్టారు నొక్కారు. మళ్లీ అదే వాక్యం.

ఆ మాస్టారి పేరు ఏదైనా కావచ్చు. ఊరు కృష్ణ ఒడ్డునా ఉండొచ్చు, గోదావరి ఒడ్డునా ఉండొచ్చు. ఇలాంటి ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి కాబట్టి ఒక ఇంటి కథగానే చెప్పుకుందాం.

తెలుగు పండితుడిగా రిటైరైన ఆయన చుట్టుపక్కల పల్లెలు తిరిగి నాట్ల పాటలూ తిరగలి పాటలూ సేకరించారు. ఒంటి వేలితో కొట్టుకుంటూ వాటిని తెలుగులో టైపు చేశారు. కొన్నిటిని పాడించి, మైకు పెట్టి రికార్డు చేశారు. పాడినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. సొంత మేనత్త పాడిన తిరగలి పాట కూడా అందులోనే ఉంది. ఆవిడ గొంతు మరెక్కడా లేదు.

ఊళ్లో కంప్యూటర్ షాపు కుర్రాడు వచ్చి చూశాడు. మంచివాడే. ''ఏం లేదు మాస్టారూ, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తే బాగైపోద్ది'' అన్నాడు.

నిజమే. బాగైపోతుంది. కంప్యూటర్! మరి పాటలు?

సంక్రాంతి సెలవులకి వచ్చిన మనవరాలు ఆ మాట వింది. ఇంజినీరింగ్ చదువుతోంది. ''ఆగు తాతయ్యా. ఎవర్నీ దాన్ని ముట్టుకోనివ్వకు'' అంది. తర్వాత ఆ అమ్మాయి ఏం చేసిందో, ఆ వరసలోనే ఎందుకు చేసిందో తెలుసుకుంటే రేపు ఎవరికైనా పనికొస్తుంది.

తప్పు డిస్కుదేనా?

కంప్యూటర్ మొదలవ్వకపోతే అందరి చూపూ డిస్కు మీదకే వెళుతుంది. చాలాసార్లు పాపం దానిది కాదు.

పాత పీసీల మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని నంబరు సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు తేదీనీ, సెట్టింగుల్నీ గుర్తుపెట్టుకునేది అదే. ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే అది అయిపోతుంది. అప్పుడు కంప్యూటర్ తనకి ఏ డిస్కు ఉందో, దాన్ని ఏ పద్ధతిలో చదవాలో మర్చిపోయి ఫ్యాక్టరీ నాటి సెట్టింగులకి వెళ్లిపోతుంది. తెర మీద తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి కనిపిస్తే అనుమానం మొదట బ్యాటరీ మీదకే పోవాలి. అయ్యే ఖర్చు చాలా తక్కువ.

రెండోది తీగలు. డిస్కు నుంచి మదర్‌బోర్డుకి వెళ్లే కేబులు వదులైనా, ఎలుక కొరికినా ఇదే వరస. మూడోది ఎస్‌ఎంపీఎస్... అంటే కరెంటు డబ్బా. అది చాలినంత కరెంటు ఇవ్వకపోతే డిస్కు తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది.

మనవరాలు ముందు బ్యాటరీ మార్చింది. కేబులు తీసి మళ్లీ బిగించింది. ఈసారి కంప్యూటర్‌కి డిస్కు కనిపించింది! మాస్టారి మొహం వెలిగింది. కానీ విండోస్ మొదలై, మధ్యలో గడ్డకట్టుకుపోయింది. రెండోసారి అలాగే అయ్యేసరికి ఆ అమ్మాయి ప్లగ్గు పీకేసింది. మూడోసారి ప్రయత్నించలేదు. అదే ఆమె చేసిన మొదటి మంచి పని.

ఎందుకంటే విండోస్ మొదలయ్యే ప్రతిసారీ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తుంది. జబ్బు పడ్డ డిస్కుని పదే పదే లేపి కూర్చోబెట్టడం అంటే జ్వరం వచ్చినవాణ్ని పరుగు పందెంలో నిలబెట్టడమే.

చెవి పెట్టి వినండి

హార్డ్ డిస్కు లోపల అద్దాల్లా మెరిసే పళ్లేలుంటాయి. డెస్క్‌టాప్ డిస్కుల్లో అవి సాధారణంగా నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతాయి. అంటే సెకనుకి 120 చుట్లు. మూడున్నర అంగుళాల డిస్కులో పళ్లెం అంచు గంటకి సుమారు 120 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. దాని మీద చదివే తల తగలకుండా తేలుతూ ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లు. తల వెంట్రుక మందం కంటే అది వేల రెట్లు తక్కువ!

ఈ యంత్రానికి పెద్ద చరిత్రే ఉంది. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో రెండడుగుల వెడల్పు పళ్లేలు యాభై ఉండేవి. బరువు టన్ను పైనే. ఇంతా చేసి అందులో పట్టేది యాభై లక్షల అక్షరాలు. మాస్టారి డిస్కు 80 జీబీ. అరచేతిలో ఇమిడిపోతుంది. సూత్రం మాత్రం అదే... తిరిగే పళ్లెం, కదిలే తల.

కాబట్టి దీని ఆరోగ్యం చెవికి తెలుస్తుంది. సన్నగా గుయ్‌మంటూ తిరిగి, అప్పుడప్పుడు చిటచిటమంటే మామూలే. టక్... టక్... టక్... అని ఒకే లయలో కొట్టుకుంటే తల దారి దొరక్క వెతుక్కుంటోందని అర్థం. గీరుతున్న చప్పుడొస్తే తల పళ్లేన్ని తాకుతోందేమో అనుకోవాలి. ఈ రెండు చప్పుళ్లలో ఏది వినిపించినా వెంటనే కరెంటు తీసేయాలి. ఇంట్లో చేయగలిగే వైద్యం అక్కడితో సరి. దుమ్ములేని ప్రత్యేక గదుల్లో డిస్కు విప్పే డేటా రికవరీ నిపుణుల దగ్గరికి వెళ్లాల్సిందే.

మూత విప్పి చూద్దామని మాత్రం అనుకోవద్దు. అక్కడి ఖాళీకి ఓ ధూళి రేణువు కొండతో సమానం. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందన్న చిట్కా కూడా చాలాకాలం ప్రచారంలో ఉంది. బయటికి తీశాక లోపల తేమ పడితే ఉన్నదీ పోతుంది.

మాస్టారి డిస్కు ఏ వింత చప్పుడూ చేయడం లేదు. అంటే ఆశ ఉన్నట్టే.

తీగలు కలిపేదెలా?

ఇప్పుడు డిస్కుని రెండో కంప్యూటర్‌కి తగిలించాలి. దాని వెనకవైపు చూస్తే ఏ కాలం నాటిదో తెలిసిపోతుంది.

వెనక రెండు వరసల్లో పిన్నులు, పక్కన నాలుగు లావు పిన్నుల కరెంటు సాకెట్టు ఉంటే అది ఐడీఈ. వెడల్పాటి రిబ్బను కేబులుతో వచ్చేది. ఎల్ ఆకారంలో సన్నటి నోళ్లు రెండుంటే అది సాటా. 2003 నుంచి మార్కెట్లోకి వచ్చి, కొన్నేళ్లలో ఐడీఈని మూలకి నెట్టింది ఇదే. ఇప్పటి మదర్‌బోర్డుల మీద సాటా ఉంటుంది కానీ ఐడీఈ నోరు కనిపించదు. ల్యాప్‌టాప్ అయితే రెండూ తగిలించలేం.

దీనికి పరిష్కారం, రెంటినీ యూఎస్‌బీలోకి మార్చే చిన్న ఎడాప్టర్. ఐడీఈ, సాటా రెండూ పట్టేది ఒకటి తీసుకుంటే పాత డిస్కులన్నిటికీ పనికొస్తుంది. కొనేటప్పుడు ఒకటి గమనించాలి. ల్యాప్‌టాప్‌ల చిన్న డిస్కులకి యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు చాలు. డెస్క్‌టాప్ డిస్కు మోటారుకి 12 వోల్టులు కావాలి. అందుకే ఎడాప్టర్‌తోపాటు విడిగా గోడకి పెట్టే పవర్ సప్లై ఉన్నదే కొనాలి. అది లేకుండా తెచ్చి 'డిస్కు చచ్చిపోయింది' అనుకున్నవాళ్లు తక్కువేం కాదు!

ఐడీఈ డిస్కులకి జంపర్ అని మరో తిరకాసు ఉంటుంది. ఒకే కేబులు మీద రెండు డిస్కులు ఉండే రోజుల్లో ఎవరు మాస్టర్, ఎవరు స్లేవ్ అని చెప్పే చిన్న ప్లాస్టిక్ బిళ్ల అది. ఒంటరిగా ఎడాప్టర్‌కి తగిలించేటప్పుడు మాస్టర్ స్థానంలో ఉంచాలి. ఏ పిన్నుల మీద పెట్టాలో డిస్కు లేబులు మీదే బొమ్మ వేసి ఉంటుంది.

ఇక జాగ్రత్తలు. ముందు ఏదైనా లోహపు వస్తువుని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తు పోనివ్వాలి. డిస్కుని చెక్క బల్ల మీద పరచి ఉంచాలి. పరుపు మీదో, ఒళ్లోనో కాదు. తిరుగుతున్నంతసేపూ కదపకూడదు. కేబులు ఎక్కనంటే బలవంతం చేయకూడదు. తిరగేసి పెడుతున్నామేమో చూసుకోవాలి.

ఆ ప్రశ్నకి 'వద్దు' అనండి

మనవరాలు డిస్కుని తన ల్యాప్‌టాప్‌కి తగిలించింది. టింగ్‌మని చప్పుడు. వెంటనే తెర మీద ఓ చిన్న కిటికీ. 'ఈ డిస్కుని వాడాలంటే ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?'

వెనక నించున్న మాస్టారు కంగారుపడ్డారు. ''అదేంటి తల్లీ, ఇదీ ఆ కుర్రాడి మాటే చెబుతోంది?''

డిస్కు మొదట్లో ఉండే కొన్ని కీలకమైన అంకెలు చెడిపోతే విండోస్‌కి అక్కడున్నది ఏమిటో అర్థం కాదు. అర్థం కాకపోతే ఖాళీ అనుకుంటుంది. గ్రంథాలయం తాళం తెరుచుకోలేదని లోపల పుస్తకాల్లేవన్నట్టు! ఆ కిటికీలో నొక్కాల్సింది 'క్యాన్సిల్' ఒక్కటే. డిస్కు మేనేజ్‌మెంట్‌లోకి వెళితే 'ఇనిషియలైజ్ చేయమంటారా' అని మరో ప్రశ్న రావచ్చు. దానికీ అదే సమాధానం.

అందరికీ ఈ గండం ఉండదు. కంప్యూటర్‌లో వేరే భాగం పాడై, డిస్కు బాగానే ఉంటే ఫోల్డర్లన్నీ తెరుచుకుంటాయి. విండోస్ ఎక్స్‌పీ నాటి ఫైళ్లు సి డ్రైవులో 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' కింద, విస్టా తర్వాతివి 'యూజర్స్' కింద ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవీ అక్కడే దొరుకుతాయి. 'మీకు అనుమతి లేదు' అని అడ్డుకుంటే భయపడక్కర్లేదు. పాత కంప్యూటర్‌లోని యూజర్ వేరు, ఇక్కడి యూజర్ వేరు కాబట్టి అలా అంటుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీ విభాగంలో యాజమాన్యాన్ని మీ పేరుకి మార్చుకుంటే దారిస్తుంది. ఫైళ్లని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం వేరే సంగతి. పాత తాళంచెవి ఉండాల్సిందే. బిట్‌లాకర్ వేసిన డిస్కయితే 48 అంకెల రికవరీ కీ కావాలి.

ఇంకో మాట. 2000ల నాటి డిస్కుల్లో పెన్‌డ్రైవుల ద్వారా పాకిన వైరస్‌లు ఇంకా నిద్రపోతుంటాయి. యాంటీవైరస్‌తో ఒకసారి వెతికించి, ఉత్తరాలూ ఫొటోలూ పాటలూ మాత్రమే తెచ్చుకోవాలి. పాత ప్రోగ్రాముల జోలికి పోకూడదు. ఇక, పాత డిస్కులోని విండోస్‌తోనే కొత్త కంప్యూటర్‌ని నడిపిద్దామని కూడా చూడొద్దు. వేరే మదర్‌బోర్డు మీద అది నీలితెర చూపించి ఆగిపోయే అవకాశమే ఎక్కువ.

నకలు తీసే పనివాడు

ఇక్కడ అసలు కిటుకు ఒకటుంది. హార్డ్ డిస్కు తనని తాను బాగుచేసుకోవడం ఎలాగో తెలిస్తే అది ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది.

డిస్కు మీది సమాచారం సెక్టార్లనే చిన్న చిన్న గళ్లలో ఉంటుంది. పాత డిస్కుల్లో ఒక్కో గడిలో 512 బైట్లు. కొన్ని గళ్లు చెడిపోతే వాడుకోవడానికి ప్రతి డిస్కులో కొన్ని విడి గళ్లని కంపెనీయే దాచి ఉంచుతుంది. ఓ గడిని చదవలేకపోతే డిస్కు దాన్ని 'పెండింగ్' జాబితాలో వేస్తుంది. ఆ గడి మీద కొత్తగా ఏదైనా రాసినప్పుడు, అది సరిగ్గా పడితే సరే సరి. లేకుంటే దాన్ని వదిలేసి విడి గడికి మారిపోతుంది. డిస్కు 'బాగైపోతుంది'.

గమనించారా? బాగవ్వాలంటే ఆ గడి మీద కొత్తగా రాయాలి. రాస్తే పాతది పోతుంది! అంటే డిస్కుకి రిపేరు, అందులోని అక్షరాలకి సమాధి... రెండూ ఒకే పని. షాపు కుర్రాడి ఫార్మాటులో ఉన్న ప్రమాదం అదే. అందుకే ఈ పనిలో ఒకే ఒక్క సూత్రం. ముందు కాపీ. ఆ తర్వాతే రిపేరు.

డిస్కు పరిస్థితి తెలుసుకోవడానికి స్మార్ట్ అనే రిపోర్టు ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాములు దాన్ని చూపిస్తాయి. నీలం రంగైతే క్షేమం, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే అపాయం. అందులో ముఖ్యంగా చూడాల్సినవి మూడు. వదిలేసిన గళ్లు ఎన్ని, పెండింగ్‌లో ఉన్నవెన్ని, కేబులు తప్పులెన్ని. చివరిది మాత్రమే ఎక్కువుంటే మొదట కేబులు మార్చి చూడాలి. కొన్ని ఎడాప్టర్లు ఈ రిపోర్టుని దాటనివ్వవు. అప్పుడు డిస్కుని నేరుగా మదర్‌బోర్డుకి తగిలించి చూడటమే మార్గం.

మాస్టారి డిస్కు రిపోర్టులో పెండింగ్ గళ్లు కనిపించాయి. కాబట్టి ఆ అమ్మాయి ఫైళ్లు ఒక్కొక్కటే లాగడానికి ప్రయత్నించలేదు. మొత్తం డిస్కుకే నకలు తీయాలనుకుంది. అందుకోసం పెన్‌డ్రైవులోంచి నడిచే లినక్స్‌తో ల్యాప్‌టాప్‌ని మొదలుపెట్టింది. జీఎన్‌యూ డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాముని పిలిచింది. 2004 నుంచి అందుబాటులో ఉన్న ఈ పనివాడి తెలివి చూడండి. మామూలు కాపీ ఒక చెడ్డ గడి దగ్గర తల బద్దలుకొట్టుకుంటూ కూర్చుంటుంది. ఇది అలా కాదు. గట్టిగా ఉన్న చోట్లన్నీ ముందు గబగబా చదివేస్తుంది. ఇబ్బంది పెట్టిన చోటుని గుర్తు పెట్టుకుని దాటేస్తుంది. అన్నీ అయ్యాక వెనక్కి వచ్చి, వదిలేసిన చోట్లని అంచుల నుంచి కొద్దికొద్దిగా గీకి తీస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఓ చిన్న ఫైల్లో రాసుకుంటుంది. కరెంటు పోయినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. మన ఊళ్లకి సరిగ్గా సరిపోయే సుగుణం!

ఇక్కడ ఒక్క పొరపాటు ప్రాణం తీస్తుంది. ఏ డిస్కు నుంచి ఏ డిస్కుకి అన్నది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి పాటల మీద పడుతుంది. లినక్స్‌లో డిస్కుల పేర్లు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని ఒకేలా ఉంటాయి. అందుకే సైజు, మోడలు నంబరు రెండుసార్లు సరిచూసుకుని, మూడోసారి వేరేవాళ్లతో చదివించుకుని అప్పుడు ఎంటర్ కొట్టాలి. మాస్టారే కళ్లజోడు పెట్టుకుని నంబరు చదివారు.

80 జీబీ డిస్కు ఆరోగ్యంగా ఉంటే, సెకనుకి 30 ఎంబీ చొప్పున చదివినా ముప్పావు గంటలో పని అయిపోతుంది. ఇది రాత్రంతా నడిచింది. తెల్లవారేసరికి కొన్ని గళ్లు తప్ప డిస్కు మొత్తం ఒక పెద్ద ఫైలుగా కొత్త డిస్కులోకి వచ్చేసింది. పాత డిస్కుని ప్లగ్గు పీకి, కాగితంలో చుట్టి, బీరువాలో పెట్టారు. ఇక చేసేదంతా నకలు మీదే. తప్పు జరిగినా తిరిగి మొదలుపెట్టొచ్చు.

పోయిన పటం, పోయిన పేర్లు

నకలు తీశాక కూడా విండోస్‌కి లోపలిది అర్థం కాదు. చెడిపోయిన అంకెలు అందులోనూ చెడిపోయే ఉన్నాయి మరి. వాటిని సరిచేయడానికి టెస్ట్‌డిస్క్ అనే మరో ఉచిత ప్రోగ్రాము ఉంది. పోయిన పార్టిషన్లని వెతికి పట్టుకోవడం దీని పని. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మొదటి సెక్టారుకి ఓ నకలు పార్టిషన్ చివర కూడా ఉంటుంది. మొదటిది పాడైతే ఆ చివరి దాన్ని తెచ్చి ముందు పెట్టొచ్చు. మనవరాలు చేసిందదే. ఆ ఒక్క సెక్టారు సరికాగానే ఫోల్డర్లన్నీ వరసగా ప్రత్యక్షమయ్యాయి. డి డ్రైవులో 'పాటలు' అన్న ఫోల్డర్ కూడా!

అదీ కుదరకపోతే ఆఖరి అస్త్రం ఫొటోరెక్. ఇది ఫోల్డర్లని పట్టించుకోదు. ఏ రకం ఫైలు ఎలా మొదలవుతుందో దానికి తెలుసు. డిస్కు పొడవునా ఆ గుర్తుల కోసం వెతికి ఫొటోలనీ, పాటలనీ, డాక్యుమెంట్లనీ ఏరుతుంది. కాకపోతే పాత పేర్లు సాధారణంగా రావు. వేలకొద్దీ ఫైళ్లు అంకెల పేర్లతో కుప్పపడతాయి. తీరిగ్గా కూర్చుని ఒక్కోటీ తెరిచి చూసుకోవాల్సిందే. పొరపాటున డిలీట్ చేసిన ఫొటోలకీ ఇది పనిచేస్తుంది. హార్డ్ డిస్కులో డిలీట్ అంటే పట్టికలోంచి పేరు కొట్టేయడమే. ఆ చోట కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. అందుకే ఏదైనా పోయిందని తెలిసిన క్షణం నుంచి ఆ డిస్కు మీద ఏమీ రాయకూడదు. రికవరీ ప్రోగ్రాముని కూడా దాంట్లో ఇన్‌స్టాల్ చేయకూడదు.

మరి విండోస్‌లోనే ఉన్న చెక్‌డిస్క్ సంగతి? మంచి పనిముట్టే. కానీ దాని ధ్యేయం ఫైల్‌ సిస్టమ్‌ని నిలబెట్టడం. మీ ఫైళ్లని కాదు. తల తెగిన ముక్కల్ని ఎత్తి వేరే ఫోల్డర్లో పడేస్తుంది. జబ్బు డిస్కు మీద నేరుగా దాన్ని వదిలితే ఉన్న ఆధారాలు చెరిగిపోవచ్చు. దాన్నీ నకలు తీశాకే వాడాలి.

అక్షరాలేవీ తల్లీ?

పాటల ఫోల్డర్ తెరిచారు. మొదటి ఫైలు మీద క్లిక్ చేశారు. తెర నిండా ఇంగ్లిష్ అక్షరాలూ, డాలర్ గుర్తులూ, కొమ్ములొచ్చిన ఏవో వింత లిపులూ!

''పోయినట్టేనా తల్లీ?'' అన్నారు మాస్టారు. కుర్చీలో కూలబడ్డారు.

పోలేదు. ఇది తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బ. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటుంది. కానీ మన డీటీపీ సెంటర్లు ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు అను లాంటి పాత ఫాంట్లతోనే నడిచాయి. వాటి పద్ధతి వేరు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు... ఇలా అక్షరాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో కూర్చోబెట్టారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిషే. ఆ ఫాంటు ఉంటేనే మన కంటికి తెలుగు. ఫాంటు లేని కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ముసుగు తీసినట్టు లోపలి గుర్తులు బయటపడతాయి.

అందుకే పాత డిస్కు నుంచి ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు విండోస్ ఫోల్డర్లోని ఫాంట్స్ అనే ఫోల్డర్‌ని కూడా మర్చిపోకుండా తెచ్చుకోవాలి. ప్రోగ్రాములు తేవద్దన్న మాటకి ఇదొక్కటే మినహాయింపు. మనవరాలు నకల్లోంచి ఆ ఫాంట్లని తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ఫైలు మూసి మళ్లీ తెరిచింది. తెర మీద నాట్ల పాట. మాస్టారు పైకి చదవడం మొదలుపెట్టారు.

ఫాంటు ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు. పాత ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటితో మార్చుకుని, వత్తులూ దీర్ఘాలూ ఒకసారి సరిచూసుకుంటే ఆ తెలుగు ఏ ఫోన్లోనైనా కనిపిస్తుంది. వెతికితే దొరుకుతుంది. పేజ్‌మేకర్‌లో చేసిన పుస్తకాలుంటే, పేజ్‌మేకర్ ఉన్న పాత కంప్యూటర్ ఎక్కడైనా నడుస్తుండగానే తెరిపించి పీడీఎఫ్ చేయించుకోవడం మేలు. ఆ ప్రోగ్రాము చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో!

యాపిల్ వాళ్లకో దొడ్డిదారి

యాపిల్ కంప్యూటర్లలో డిస్కు విప్పకుండానే ఈ పని చేసే సౌకర్యం చాలాకాలంగా ఉంది. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత మ్యాక్‌ని ఆన్ చేస్తూ కీబోర్డు మీద 'టి' మీట నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ మొత్తం ఓ పెద్ద ఎక్స్‌టర్నల్ డిస్కులా మారిపోతుంది. దాన్ని టార్గెట్ డిస్క్ మోడ్ అంటారు. సరైన కేబులుతో మరో మ్యాక్‌కి కలిపితే ఫైళ్లు కనిపిస్తాయి. అక్కడి డిస్క్ యుటిలిటీతో పరీక్షించవచ్చు, బాగుచేయవచ్చు. తెర పగిలినా, కీలకమైన సిస్టమ్ ఫైళ్లు పోయినా ఇది ఆదుకుంటుంది. డిస్కే పాడైతే మాత్రం పైన చెప్పిన సూత్రం దీనికీ వర్తిస్తుంది.

డిస్కుని బాగుచేయాలా?

అన్నీ బయటపడ్డాక అప్పుడు రావాల్సిన ప్రశ్న ఇది. నకలు భద్రంగా ఉంది కాబట్టి పాత డిస్కుని ఇక ఫార్మాట్ చేసి చూడొచ్చు. షాపు కుర్రాడి వైద్యానికి ఇదే సరైన సమయం! క్విక్ ఫార్మాట్ కాకుండా పూర్తి ఫార్మాట్ చేయాలి. విస్టా నుంచీ విండోస్‌లో పూర్తి ఫార్మాట్ అంటే డిస్కు పొడవునా సున్నాలు రాయడం. ఆ క్రమంలో పెండింగ్ గళ్లు అయితే కుదుటపడతాయి, లేదంటే విడి గళ్లకి మారిపోతాయి. తర్వాత స్మార్ట్ రిపోర్టు చూడాలి. నాలుగైదు రోజులు వాడి మళ్లీ చూడాలి. అంకె పెరగకుండా ఉంటే సినిమాలూ పాటలూ పెట్టుకోవడానికి పనికొస్తుంది. పెరుగుతుంటే దాన్ని నమ్మకూడదు. బాగైనా సరే, ముఖ్యమైనవి అందులో ఒంటరిగా ఉంచకూడదు.

పాత కంప్యూటర్‌ని ఇంకా నడిపించాలంటే అది నెట్‌కి దూరంగా ఉండటమే మంచిది. ఎక్స్‌పీకి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కి 2020 జనవరిలో ఆగిపోయాయి.

ఇక నకళ్ల లెక్క. ముఖ్యమైన వాటికి మూడు కాపీలుండాలి. అవి రెండు రకాల పరికరాల్లో ఉండాలి. ఒకటి ఇంటికి దూరంగా ఉండాలి. వరదొచ్చినా, దొంగ పడినా ఆ ఒక్కటి మిగులుతుంది. మాస్టారి పాటలు ఇప్పుడు ఇంట్లో కొత్త డిస్కులో ఒకటి, మనవరాలి ల్యాప్‌టాప్‌లో ఒకటి, నెట్‌లో దాచినది ఒకటి.

చివరగా ఆ రికార్డింగులు ఒక్కోటీ విన్నారు. మేనత్త తిరగలి పాట కూడా వచ్చింది. వెనకాల నిజంగానే తిరగలి చప్పుడు. రెండో చరణం మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం. రెండు సెకన్ల తర్వాత మళ్లీ గొంతు. డీడీ రెస్క్యూ ఎంత గీకినా రాని గళ్లు అవే. వాటి స్థానంలో సున్నాలు మిగిలాయి. శబ్దంలో సున్నా అంటే మౌనమే.

''సారీ తాతయ్యా, అది రాలేదు'' అంది మనవరాలు.

మాస్టారు పాటని కొంచెం వెనక్కి జరిపించి మళ్లీ పెట్టమన్నారు. మౌనం వచ్చేసరికి, ఆ రెండు సెకన్ల మాటల్నీ తనే పాడారు.